చిరిగిన రొట్టెకు ఎన్ని పేర్లు

2022 వేసవి. ఆదోని మార్కెట్ యార్డు వెనక వీధిలో నా ఫిజియోథెరపీ క్లినిక్. రెండు గదులు, రెండు బల్లలు, మెడా నడుమూ సాగదీసే ట్రాక్షన్ యంత్రం ఒకటి, ఎండ ముదిరే వేళకు సరిగ్గా పోయే కరెంటు. వారంలో రెండు పూటలు ఎమ్మిగనూరులో కూడా కూర్చునేదాన్ని. ఇక్కడ జిన్నింగ్ మిల్లుల్లో పత్తి బేళ్లు మోసే హమాలీల నడుములు, అక్కడ గుంత మగ్గాల మీద కూర్చునే నేతగాళ్ల మోకాళ్లు. ఈ రెండు ఊళ్ల మధ్య బస్సుల్లో తిరిగి తిరిగి నా నడుము ఏమైందని అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు.

మా వృత్తి పేరు పలకడం కష్టమని జనం నన్ను "కరెంటు పెట్టే మేడం" అంటారు. నరాలకు, కండరాలకు చిన్న మిషనుతో కరెంటు పెట్టడం మేం చేసే పనుల్లో ఒకటి, అంతే. కానీ వచ్చీ రాగానే చెయ్యి చాపి, "యాడ పెడతావు మేడం?" అంటారు. ముందు ఏమైందో చెప్పండి అంటే విసుక్కుంటారు. "సెయ్యి సరిగ్గ రాడంల్యా" అంటారు. సరిగ్గా రాకపోవడం అంటే ఏమిటని అడిగితే, ఇంత చదివి ఇది కూడా తెలీదా అన్నట్టు చూస్తారు.

తెలీదు మరి. చెయ్యి సరిగ్గా రావడం లేదు అన్న ఒక్క మాట కింద మాకు నాలుగు వేర్వేరు సంగతులుంటాయి. బలం తగ్గితే వీక్‌నెస్ అని రాస్తాం. బలం ఉండి కీలు తిరగకపోతే అది స్టిఫ్‌నెస్, బిగుసుకుపోవడం. ముట్టుకుంటే తెలియకపోతే నంబ్‌నెస్, మొద్దుబారడం. బలం ఉండి, కీళ్లు తిరుగుతూ, ముట్టుకుంటే తెలుస్తూ కూడా పని సాఫీగా సాగకుండా తడబడితే దాన్ని క్లమ్సీనెస్ అంటాం. చూడ్డానికి నాలుగూ అక్కాచెల్లెళ్ల లాంటివే. ఏ పేరు రాస్తామో దాన్నిబట్టి రోగి వెళ్లే దారి మాత్రం మారిపోతుంది. ఒకరికి వ్యాయామంతో పోతుంది, ఇంకొకరిని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. ఈ ముక్క అర్థం చేయించడానికి రోజూ నెత్తీ నోరూ కొట్టుకుంటాను. హుసేన్‌బీ విషయంలో కొట్టుకున్నంతగా మాత్రం ఎప్పుడూ కొట్టుకోలేదు.

హుసేన్‌బీ నాకు కొత్త మనిషి కాదు. యార్డు గేటు పక్కన రేకుల షెడ్డులో జొన్న రొట్టెల అంగడి ఆమెది. యాభై దాటిన మనిషి. పొద్దున పత్తి లారీలు రాకముందే పొయ్యి ముట్టించేది. ఆమె రొట్టె తట్టే చప్పుడు వినే హమాలీలు ఆకలి గుర్తు చేసుకునేవాళ్లు. అంచు విచ్చకుండా, ఎక్కడా మందం తేడా రాకుండా, పెనమంత రొట్టె. పైన ఎర్రకారం, పక్కన పప్పు. నేనూ ఆ రొట్టెలు తిన్నదాన్నే.

ఆ ముందటేడు నుంచి రొట్టెలు పాడవడం మొదలైంది. అంచులు విచ్చేవి. పీట మీద నుంచి పెనం మీదికి వేసేటప్పుడు మధ్యలో చిరిగేవి. దానికి వాళ్లు ఏం చేశారంటే పిండి మార్చారు.

ఇది మా వైపు వాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. జొన్నపిండి కొత్తగా పట్టించినప్పుడు జిగురు ఉంటుంది. నిలవైతే జిగురు పోయి రొట్టె విచ్చుతుంది. ఈ సంగతి ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అందుకని రొట్టె చిరిగితే ఎవరూ తట్టిన చెయ్యి వంక చూడరు, పిండి డబ్బా వంక చూస్తారు. హుసేన్‌బీ ఇంట్లోవాళ్లు మిల్లు మార్చారు. తర్వాత జొన్నలు మార్చి, నందవరం వైపు నుంచి తెల్లజొన్నలు తెప్పించారు. మరిగే నీళ్లు పోసి కలిపారు, పిడికెడు గోధుమపిండి చేర్చారు. ఒక మనిషికి మెడలో నరాల తాడు నలిగిపోతుంటే ఇంటిల్లిపాదీ ఏడాది పాటు జొన్నల మంచీ చెడ్డా మాట్లాడుకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చివరికి ఒకరోజు అదే పిండి పక్కింటావిడ తీసుకెళ్లి తడితే రొట్టెలు పొంగాయి. దాంతో తప్పు పిండి మీద నుంచి దిగి హుసేన్‌బీ మీద ఎక్కింది.

ఆమెను క్లినిక్‌కు తీసుకొచ్చింది భర్త కాశీం సాబ్. జిన్నింగ్ మిల్లులో హమాలీ. వెంట కోడలు షరీఫా, ఎమ్మిగనూరు పిల్ల, పెళ్లయి రెండేళ్లు. ముగ్గురూ వరసగా బల్ల మీద కూర్చున్నారు. ఏమైందమ్మా అని హుసేన్‌బీని అడిగాను.

"ఏం గాల్యాదు మేడం. పిండికి జిగురు ల్యాదు" అంది.

"ఇంగా పిండే అంటాంది సూడు" అన్నాడు కాశీం సాబ్. "ఈమెకు అసడ్డ మేడం. పని మీద ధ్యాస ల్యాదు. గలాసులు జారిడుస్తాది, రొట్టెలు సింపుతాది. ఏందే అంటే మాట్లాడదు. వయసు పైబడేకొద్దీ పొగరొచ్చినాది."

"అట్ల గాదు మామా" అంది షరీఫా మెల్లగా. "అత్తకు సత్తువ ల్యాదు. సత్తువ సూదులు గూడ ఏయించినాం మేడం. ఏం తేడా రాల్యా."

ఒక రొట్టెకు అప్పటికే మూడు పేర్లు. జిగురు లేదు, అసడ్డ, సత్తువ లేదు. నాలుగోది నేను వెతుక్కోవాలి. నా వేళ్లు రెండు ఆమె చేతిలో పెట్టి గట్టిగా నొక్కమన్నాను. నొక్కింది. ఏళ్ల తరబడి పిండి పిసికిన చెయ్యి, నా వేళ్లు విరిగినంత పనయింది. సత్తువకేమీ లోటు లేదు. మణికట్టు తిప్పి చూశాను, వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ వంచి చూశాను, బాగానే తిరుగుతున్నాయి. కళ్లు మూసుకోమని దూదితో వేళ్ల కొసలు తాకాను. తెలుస్తోంది, కొంచెం తక్కువగా.

"మొద్దుబారినట్టు ఉంటాయా?"

"ఉంటాయి."

"బిగుసుకున్నట్టు ఉంటాయా?"

"బిగుసుకున్నట్టు గూడ ఉంటాయి."

"బలం లేనట్టు ఉంటాయా?"

"బలం యాడుండాది మేడం."

అంగడివాడు పరిచిన ప్రతి చీరకూ బాగుందని తలూపేవాళ్లుంటారు, ఏదీ కొనరు. హుసేన్‌బీ నా మాటల్ని అలా తీసుకుంది. నేను ఏది చూపిస్తే దానికి తలూపుతుంది. ఆమె మాట ఆమె చెప్పదు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "నేను చెప్పింది కాదమ్మా, నీకేమనిపిస్తాదో చెప్పు" అన్నాను. ఆమె కోడలి వంక ఒకసారి చూసి, "పిండికి జిగురు ల్యాదు" అంది. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

మాటలతో లాభం లేదని, పిడికిలి గబగబా మూసి తెరవమన్నాను. ఇది మేం చేయించే చాలా మామూలు పరీక్ష. ఎవరైనా చప్పట్లు కొట్టినంత తేలిగ్గా చేస్తారు. ఆమె మూసింది. తెరిచేటప్పుడు చిటికెన వేలూ దాని పక్కదీ వెనకబడ్డాయి. మళ్లీ మూసేసరికి అవి ఇంకా తెరుచుకుంటూనే ఉన్నాయి. తర్వాత ఆమె మధ్యవేలి గోరును చిటుక్కున మీటాను. బొటనవేలు తనంతట తాను లోపలికి ముడుచుకుంది. దీన్ని హాఫ్‌మన్ టెస్ట్ అంటారు. కొందరికి ఏ జబ్బూ లేకుండానే వస్తుంది. ఇలా తడబడే వేళ్లున్నవాళ్లకు వస్తే మాత్రం మెడ వంక అనుమానంగా చూడాలి. మెడ ఎముకలు అరిగి, ఉబ్బి, మధ్యలో ఉన్న వెన్నుపామును నొక్కితే దాన్ని సర్వైకల్ మైలోపతీ అంటాం. చాలామందికి నొప్పి కూడా ఉండదు. ముందు చేతుల పనితనం పోతుంది, ఆ తర్వాత నడక పోతుంది. ఆలస్యమయ్యేకొద్దీ పోయింది తిరిగి రాదు.

నడిచి చూపించమన్నాను. అప్పుడు చూశాను, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ ఎండల్లో ఆదోని తారు రోడ్డు మీద.

"సెప్పులు యాడమ్మా?"

"మొక్కు మేడం" అన్నాడు కాశీం సాబ్. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం అతని గొంతులో తిట్టు లేదు. "దర్గాకు మొక్కుకునింది. ఉరుసు దాకా తొడగదు."

మొక్కు సంగతి నేను అడగకూడదు కదా అని ఊరుకున్నాను. ఆమె పాదాలు కొంచెం ఎడంగా వేసుకుంటూ, గోడకు వేలు ఆనించుకుంటూ నడిచింది. గోడ ఎందుకు పట్టుకున్నావంటే, నీ గదిలో బండలు జారతాండాయి అంది. దానికీ ఒక జవాబు సిద్ధంగా ఉంది.

వాళ్లను బయట కూర్చోబెట్టి, కర్నూలులో వెన్నెముక ఆపరేషన్లు చేసే డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఓపికగా విన్నారు. "హాఫ్‌మన్ ఒక్కటే ఉంటే తొందరపడక్కర్లేదమ్మా. అసలు విషయం తేల్చండి. ఆ చెయ్యి వీకా, క్లమ్సీయా? నడక నిజంగా తేడాగా ఉందా, కొత్త చోటని అలా నడిచిందా? వీక్ అయితే వేరే కారణాలు చూసుకుంటూ వచ్చే నెల పంపండి. క్లమ్సీ అయి నడక కూడా చెడి ఉంటే రేపే పంపండి, నేను కల్పించుకుని ఎమ్మారై చేయిస్తాను. ఇంటివాళ్లు చెప్పింది చెప్పకండి, మీరు చూసింది చెప్పండి" అన్నారు.

ఆయన అడిగిన దాంట్లో న్యాయముంది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ మాట సరిగ్గా చెప్పకపోతే హుసేన్‌బీ ఒక నెల వెనక్కి పోతుంది. ఆ నెలలో ఏం పోతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆమె చేతులు ఆ పని చేస్తుండగా చూడాలనిపించింది. క్లినిక్‌లో బల్ల మీద కూర్చోబెట్టి ఎన్ని ప్రశ్నలు వేసినా రానిది పీట ముందు తెలుస్తుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాను. కాశీం సాబ్ మిల్లుకు పోయాడు. షరీఫా ఉల్లిగడ్డలు కోస్తోంది. నన్ను చూసి హుసేన్‌బీకి కోపం వచ్చినట్టుంది. "కరెంటు ఈడికే తెచ్చినావా మేడం?" అంది.

"రొట్టె తినడానికి వచ్చినా. తట్టు" అన్నాను.

పిండి ముద్ద చేసింది. పీట మీద పొడిపిండి చల్లి ముద్ద పెట్టి తట్టడం మొదలుపెట్టింది. కుడి అరచెయ్యి పడుతుంటే ఎడమ చేతి వేళ్లు రొట్టెను కొంచెం కొంచెంగా తిప్పుతుండాలి. ఆ రెండూ కలిసి పడినప్పుడు వచ్చే చప్పుడే నాకు తెలిసిన పాత చప్పుడు. ఆ రోజు అది రాలేదు. కుడి చెయ్యి పడ్డాక ఎడమ చెయ్యి ఆలస్యంగా కదిలింది. తిప్పాల్సిన బొటనవేలు అంచులోకి దిగిపోయింది. ఆమె దాన్ని చూసింది, పక్కనున్న పిండితో అతికించింది. రొట్టెను అరచేతి మీదికి తీసుకుని పెనం మీద వాల్చేటప్పుడు వేళ్లు విచ్చుకోవాల్సిన క్షణానికి విచ్చుకోలేదు. రొట్టె సగం వేళ్ల మధ్య ఉండిపోయింది, సగం పెనం మీద మడత పడింది.

"పిండికి..." అని మొదలుపెట్టి నా ముఖం చూసి ఆగిపోయింది.

షెడ్డు మూలన సంచుల కింద నుంచి చెప్పుల జత ఒకటి బయటికి కనబడుతోంది. వంగి తీశాను. మామూలు స్లిప్పర్లే. వాటి వెనక మడమకు అడ్డంగా పాత చీర అంచు చించి కట్టి ఉంది, చంటిపిల్లల చెప్పులకు ఉండే పట్టీ లాగా. ఎవరో చేత్తో కుట్టారు. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి.

"షరీఫా, ఒక బిందె నీళ్లు తీసుకురా పో" అన్నాను. బిందె నిండుగానే ఉంది. ఆ పిల్ల బిందెనూ నన్నూ చూసి, ఖాళీ బక్కెట్టు పట్టుకుని వెళ్లిపోయింది.

"మొక్కు ఎప్పుడు మొక్కుకున్నావు? సెప్పులు జారడం మొదలైనంకనా?"

ఆమె పెనం వంక చూసింది. మడతపడిన రొట్టె మాడుతోంది.

"కాలికుండాయో ఊడిపోయినాయో తెలుస్తల్యా మేడం" అంది. "ఆర్నెల్ల కిందట యార్డు కాడ ఒకటి ఇడిసేసి ఒంటి సెప్పుతో ఇంటికి పోయినా. దావ పొడుగునా పిల్లోళ్లు నగినారు. పట్టీ కట్టుకుంటే ఆయప్ప ఏందిది అని అడుగుతాడు. మొక్కంటే ఎవరూ నగరు, ఎవరూ అడగరు."

"అబద్ధం మొక్కా?"

"అబద్ధం ఏంటికి? నిజంగనే మొక్కుకున్నా. సెప్పులు కాలికి నిలబడితే ఉరుసుకు కొత్త సెప్పులేసుకొని వస్తానని."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. కోపమే ముందు వచ్చింది. "ఏడాది నుంచి నీ చెయ్యి నీ మాట వినడం లేదని నీకు తెలుసు. కాళ్లూ వినడం లేదని తెలుసు. ఇంట్లోవాళ్లు మిల్లుల చుట్టూ తిరుగుతుంటే చూస్తా కూచున్నావు. ఆయప్ప పొగరని తిడుతుంటే పడినావు. సూదులు ఏయించుకున్నావు. ఒక్క మాట చెప్పడానికి ఏమొచ్చింది?"

"ఏం సెప్పేది?"

"చేతకావడం లేదని."

ఆ మాటకు తలెత్తింది. అంతవరకు తప్పించుకు తిరిగిన మనిషి సూటిగా నా కళ్లలోకి చూసింది.

"అసడ్డ అంటే తిడతారు మేడం. తిట్టి, మళ్లా పొయ్యి ముందర కూసోబెడతారు. పొగరన్నా అంతే. సేతగాదు అంటే తిట్టరు. అయ్యో పాపం అంటారు, అని పక్కకు కూసోమంటారు. ఈ పీట ఆ పిల్లకిస్తారు. మా అత్తను నేను అట్లనే పక్కకు కూసోబెట్టినా. ఆమె మళ్లా పొయ్యి కాడికి రాల్యాదు."

అయినా నా విసుగు తగ్గలేదు, నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది. ఎందుకంటే ఆమె చెప్పింది తప్పని అనలేను. మా వాళ్ల దగ్గర ఈ జబ్బుకు ఉన్న మాటలన్నీ తిట్లే. మొద్దు చేతులు, మొరటు మనిషి, అసడ్డ, సోయి లేదు, చేతకానిది. బలం తగ్గితే అయ్యో అని పండ్లు తెచ్చిస్తాం. నేర్పు తగ్గితే తిడతాం. ఆ రెండూ వద్దనుకుంటే మనిషికి నోరు మూసుకోవడం, పిండిని తిట్టుకోవడం తప్ప ఇంకేం మిగులుతుంది?

షెడ్డు బయటికి వచ్చి డాక్టరుగారికి ఫోన్ చేశాను. "క్లమ్సీ. వీక్ కాదు. నడక కూడా చెడింది, కనీసం ఆరునెలలుగా చెప్పులు జారుతున్నాయి. చూసే చెబుతున్నాను" అన్నాను.

"రేపు పొద్దున్నే పంపండి" అన్నారాయన.

అక్కడితో నా పని అయిపోలేదు. అసలు తల ప్రాణం తోకకు వచ్చింది ఆ సాయంత్రం. మర్నాడే కర్నూలుకు పోవాలని, మెడకు ఆపరేషన్ పడొచ్చని షరీఫాతో కబురు పంపితే, కాశీం సాబ్ మిల్లు దిగి, షెడ్డు దగ్గర హుసేన్‌బీని వెంటబెట్టుకుని క్లినిక్‌కు వచ్చాడు, తల మీద పత్తి దూది అలాగే ఉంది. రొట్టెలు సరిగ్గా రానిదానికి మెడ ఆపరేషన్ ఏమిటని అడిగాడు. అడగడమంటే, బల్ల గుద్ది అడిగాడు.

"మెడ కోస్తే మంచానికే అంటారు మేడం. సెయ్యి బాగల్యాకపోతే సేతికి మందియ్యాల. మెడకేం సంబంధం?"

"సెయ్యి బాగానే ఉందప్పా. బలంగానే ఉంది."

"బాగుంటే ఇంగేంది? నేను సెప్పింది అదే గదా, అసడ్డ అని."

క్లమ్సీ అన్న మాట అతనికి చెప్పి లాభం లేదు. తడబాటు అన్నాను, తాగినోళ్లకు గదా అన్నాడు. మొద్దుబారింది అన్నాను, సున్నం పట్టేస్తే పోతుందన్నాడు. పక్కనే హుసేన్‌బీ తనకేమీ సంబంధం లేనట్టు గోడ మీద క్యాలెండర్ చూస్తోంది. నాకు విసుగు పుట్టి, "ఒడుపు తప్పింది" అన్నాను. "బలం పోలేదు, ఒడుపు పోయింది. ఒడుపు చేతిలో ఉండదు. తల నుంచి మెడలోంచి చేతికి దిగే నరాల తాడులో ఉంటుంది. ఆ తాడు మెడలో నలుగుతోంది. ఇట్లనే వదిలేస్తే రొట్టె సంగతి తర్వాత, నడక కూడా పోతుంది."

అతను కుర్చీలో వెనక్కి కూర్చుని తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"బేలెత్తేది సత్తువతో గాదు మేడం" అన్నాడు చివరికి. "కొత్తగా వచ్చినోళ్లు సత్తువతో ఎత్తి నడుము ఇరగ్గొట్టుకుంటారు. ఒడుపు తెల్సినోడు కొక్కెం ఏసి ఇట్లంటే అదే లేస్తాది. మావాడు ఒకడుండె, ముప్పై ఏండ్లు ఎత్తినోడు. ఉన్నట్టుండి ఒడుపు తప్పినాది. ఏందిరా, తాగి వస్తాండావా అని అందరం తిట్టినాం. వాడు రావడం మానుకున్యాడు."

ఆ తర్వాత భార్య వంక తిరిగాడు. "ఏంటికి సెప్పల్యాదే?" అని అడిగాడు. ఆమె క్యాలెండర్ వంకే చూస్తూ, "నువ్వు అడిగితివా? పొగరంటివి" అంది. ఇంత జరిగాక కూడా ఆ ఇద్దరూ నా ముందు ఇంకో గంట పోట్లాడుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. మర్నాటి కర్నూలు బస్సు టైము గుర్తు చేసి పంపేశాను.

గుమ్మం దాకా వెళ్లి హుసేన్‌బీ వెనక్కి వచ్చింది. "కోసినంక రొట్టె తట్టగలనా?" అంది. అవునంటే సంతోషంగా వెళ్లేది. "ఉన్నది పోకుండా ఆగుతుంది. పోయినది ఎంత తిరిగొస్తాదో నేను చెప్పలేను" అన్నాను. "ఈ మేడంకు అబద్ధం సెప్పేది గూడ రాదు" అని గొణుక్కుంటూ వెళ్లింది.

ఎమ్మారైలో నేను భయపడిందే కనబడింది. ఆపరేషన్ జరిగింది. కుట్లు ఆరాక మళ్లీ నా దగ్గరికి వచ్చింది, మెడకు కాలర్‌తో, నోట్లో అంతే పదునుతో. చేతి వేళ్ల వ్యాయామానికి మేం థెరపీ పుట్టీ అని మెత్తటి రబ్బరు ముద్ద ఇస్తాం. దాన్ని వాసన చూసి పక్కన పెట్టేసింది. "ఈ ముద్ద ఏంటికి? మా ఇంట్ల జొన్నపిండి ముద్ద ల్యాదా?" అంది. గింజలు ఒక్కొక్కటిగా ఏరే పని చెబితే, రాళ్లు ఎలాగూ ఏరాలి కదా అని జొన్నల చేట తెచ్చుకుని నా బల్ల మీదే పెట్టుకుంది. క్లినిక్ నిండా పొట్టు. ఊడ్చుకోవడం నా వంతు.

కాళ్లు ముందు తేరుకున్నాయి. ఉరుసుకు కొత్త చెప్పులు తొడుక్కుని వెళ్లింది, వచ్చి చూపించింది కూడా. చేతులు అంతగా తేరుకోలేదు. గ్లాసు జారడం ఆగింది, జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంటోంది. కానీ పెనమంత రొట్టె అంచు విచ్చకుండా తిప్పే ఆ పని మాత్రం తిరిగి రాలేదు. కొంచెం ముందు వచ్చి ఉంటే వచ్చేదేమో అన్న ఆలోచన నన్ను అప్పుడూ చిరాకు పెట్టింది, ఇప్పుడూ పెడుతుంది.

చలికాలంలో ఒకరోజు ఎమ్మిగనూరు బస్సు దిగి వస్తూ షెడ్డు దగ్గర ఆగాను. యార్డులో పత్తి బాగా వచ్చే రోజులు. బెంచీల నిండా హమాలీలు, వాళ్లలో కాశీం సాబ్ కూడా ఉన్నాడు. పీట ముందు షరీఫా కూర్చుని ఉంది. హుసేన్‌బీ పక్కన చిన్న స్టూలు మీద కూర్చుని, పెనం మీద రొట్టెకు తడిగుడ్డ అద్దుతోంది.

"పీట ఇచ్చేసినావా?" అని అడిగాను మెల్లగా.

"నేనే సెప్పినా" అంది. "నాకు సేతగావడంల్యా, నువ్వు తట్టు అన్యా. ఆ పిల్ల భయపడిపాయె. పక్కన కూసో అత్తా, నువ్వు ల్యాకపోతే నాకు రాదు అనింది. కూసున్యా."

షరీఫాకు నిజంగానే రాదు. పెళ్లయినప్పటి నుంచి అత్త పీట దగ్గరికి రానివ్వలేదు కాబట్టి చపాతీలు ఒత్తడం తప్ప జొన్న రొట్టెకు చెయ్యి తిరగలేదు. నేను చూస్తుండగానే ఒక రొట్టె తట్టింది. అరచేతి మీదికి తీసుకుంది. పెనం మీద వేసేటప్పుడు తడబడింది. రొట్టె నడిమికి చిరిగిపోయింది. బెంచీ మీద నుంచి ఎవరో "ఏందిది, మళ్లా మొదలాయెనా?" అన్నారు. షరీఫా ముఖం ఎర్రబడింది.

పిండి ఆ పొద్దునే పట్టించింది. పీట పక్కనే ఉంది, వేళ్లతో తాకి చూశాను. జిగురుకు వంక పెట్టడానికి లేదు. ఆ పిల్ల చేతికి ఏ జబ్బూ లేదు, ఇంకా ఒడుపు పట్టుబడలేదు, అంతే. సరైన మాట అది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. అదే కదా నా పని.

మాట ఖచ్చితంగా ఉండాలని హుసేన్‌బీ తర్వాత ఇంకా పట్టుదల పెరిగింది నాకు. కేస్ షీట్ మీద వీక్ అనో క్లమ్సీ అనో రాసేముందు ఇప్పుడు రోగి పని చేస్తుండగా చూస్తాను. తప్పు మాట చెప్పేవాళ్ల మీద నా విసుగూ తగ్గలేదు. కాకపోతే ఒకటి కొత్తగా చేస్తున్నాను. తప్పు మాట వినగానే దాన్ని లాగి పారేయను. ఆ మాట వెనక ఎవరు దాక్కున్నారో, దేనికి భయపడి దాక్కున్నారో ముందు చూస్తాను.

ఆ రోజు మాత్రం నాకంటే ముందు హుసేన్‌బీ అందుకుంది. చిరిగిన రొట్టె రెండు ముక్కల్నీ పెనం మీద దగ్గరికి జరిపి తడిగుడ్డ అద్దుతూ, బెంచీల వైపు తిరగకుండానే గట్టిగా అంది.

"పిండికి జిగురు ల్యాదులేప్పా. రేపు మిల్లు మారుస్తాం."

కాశీం సాబ్ తల వంచుకుని తింటున్నాడు. నేను నోరు మూసుకుని, ఆ చిరిగిన రొట్టె నాకే వేయమని చెప్పి కూర్చున్నాను.